ఇంటి దొంగను ముందు కొలుద్దాం

మా నాయనమ్మ జన్మలో ఒక్క బీడీ ముట్టలేదు. తాతయ్య కూడా ముట్టలేదు. అయినా ఆమెకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలిన రోజు డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంట్లో ఎవరన్నా సిగరెట్ తాగుతరా?" అని. ఆ తర్వాత చూడడానికొచ్చిన చుట్టాలందరూ కూడా అదే అడిగారు. కొందరు నేరుగా, కొందరు చుట్టూ తిప్పి. జబ్బు కంటే ఆ ప్రశ్నే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. "నేనేం తప్పు జేసిన్రా?" అని నన్ను అడిగేది. అప్పుడు నేను ఇంటర్ సెకండియర్. ఫిజిక్స్ పుస్తకంలో యురేనియం నుంచి సీసం దాకా పోయే రేడియోధార్మిక శ్రేణి బట్టీ కొడుతున్నాను. ఆ శ్రేణి మధ్యలో ఒక గ్యాస్ ఉందనీ, అది మా ఇంట్లోనే ఉండొచ్చనీ నాకు తట్టనే లేదు.

మాది పాతబస్తీ, గౌలిపుర. లాల్‌దర్వాజ బోనాల ఊరేగింపు డప్పులు మా మేడ మీదికి వినిపిస్తాయి. తాతల కాలంలో అది వాకిలి, మధ్యలో బాయి, చుట్టూ నాలుగు గదులు ఉన్న ఇల్లు. అన్నదమ్ముల పంపకాలయ్యాక మా వాటాకు 60 గజాలు వచ్చింది. వాకిలి పోయింది. బాయి మీద బండలు పరిచి మూసేశారు. దాని పక్కనే కట్టిన వెనక గదిలో నాయనమ్మ పదిహేనేళ్లు పడుకుంది. ఆ గదికి ఒకటే తలుపు, పైన చెయ్యి పట్టేంత వెంటిలేటర్. అదీ పక్కింటోళ్లు గోడ లేపాక మూసుకుపోయింది.

ఆ గదికి ఇప్పుడు కొత్త రంగులేశారు. స్ప్లిట్ ఏసీ పెట్టారు. వచ్చే నెల మా వదిన పుట్టింటి నుంచి బిడ్డను ఎత్తుకొని వస్తుంది. తల్లీబిడ్డలకు ఇంట్లో చల్లగా ఉండే గది అదొక్కటే. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ గది.

అక్క ఫోన్

రాడాన్ అనే మాట మా ఇంట్లోకి అమెరికా నుంచి వచ్చింది. పెద్దనాన్న కూతురు, మా అక్క, పెన్సిల్వేనియాలో ఇల్లు కొంటూ ఫోన్ చేసింది. "ఇల్లు చూసినం, నచ్చింది. కానీ రాడాన్ టెస్ట్ రిపోర్ట్ రాలేదు, అది వచ్చినంక సంతకం పెడతం" అంది. మా నాన్న ఫోన్ పెట్టేశాక నవ్వాడు. "ఇల్లు కొనేటప్పుడు మనం వాస్తు జూస్తం, వాళ్లు గాలి జూస్తరు" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ రాత్రి ఊరికే ఫోన్‌లో చదవడం మొదలుపెట్టి తెల్లారేదాకా చదువుతూనే ఉన్నాను.

అక్కడ ఈ పరీక్ష మామూలు అవడానికి వెనక ఒక కథ ఉంది. 1984 డిసెంబర్‌లో పెన్సిల్వేనియాలోని లిమెరిక్ అణువిద్యుత్ కేంద్రంలో పనిచేసే స్టాన్లీ వాట్రస్ అనే ఇంజనీరు ప్లాంట్‌లోని రేడియేషన్ అలారం మోగించాడు. అలారం అందరికీ మోగేదే. ఈయనకు మాత్రం పని ముగించుకొని బయటికి పోయేటప్పుడే కాదు, పొద్దున లోపలికి వచ్చేటప్పుడూ మోగింది. ప్లాంట్‌లో ఇంకా కరెంటు ఉత్పత్తే మొదలవలేదు. మరి రేడియేషన్ ఎక్కడిది? ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. వాళ్లింట్లో కొలిస్తే రాడాన్, అమెరికా పర్యావరణ సంస్థ తర్వాత పెట్టుకున్న హద్దుకు వందల రెట్లు ఉంది. ఆ కుటుంబం ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. బాగుచేశాక మళ్లీ అదే ఇంటికి తిరిగొచ్చారు.

ఈ కథలో నన్ను పట్టుకున్నవి రెండు విషయాలు. ఒకటి, అణుకేంద్రంలో పనిచేసే మనిషికి ప్రమాదం ఇంట్లో ఉంది. రెండు, పక్కిళ్లలో అంత లేదు. నేల ఒకటే, వీధి ఒకటే, ఇల్లు మాత్రం వేరు. అంటే పక్కింటి రిపోర్ట్ చూసి మన ఇంటి సంగతి చెప్పలేం. ఎవరింటిది వాళ్లు కొలుచుకోవాల్సిందే.

అసలు ఏంటీ రాడాన్?

ఫస్టియర్ ఫిజిక్స్ మర్చిపోయినోళ్ల కోసం రెండు ముక్కలు. ప్రతి రాయిలో, మట్టిలో కొంచెం యురేనియం ఉంటుంది. అది విచ్ఛిన్నమవుతూ విచ్ఛిన్నమవుతూ రేడియం అవుతుంది. రేడియం నుంచి రాడాన్ పుడుతుంది. ఈ శ్రేణిలో మిగతావన్నీ ఘనపదార్థాలే, పుట్టిన చోటే పడి ఉంటాయి. రాడాన్ ఒక్కటే గ్యాస్. పైగా జడవాయువు, దేనితోనూ కలవదు. అందుకే రాతి పగుళ్లలోంచి, మట్టి రంధ్రాల్లోంచి పైకి పాకుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అర్ధజీవితకాలం 3.8 రోజులు, అంటే నేలలోంచి ఇంట్లోకి రావడానికి దానికి కావలసినంత టైముంది.

ఆరుబయట వస్తే గాలిలో కలిసి పల్చబడిపోతుంది. అక్కడ దాని గురించి ఆలోచించాల్సిన పనే లేదు. ఇంట్లోకి వస్తేనే సమస్య. నేల పగుళ్లు, గోడకూ నేలకూ మధ్య సందు, బాత్రూం పైపు చుట్టూ ఉండే ఖాళీ, బోరు కేసింగ్ పక్కన సందు, మూసేసిన బాయి, ఇవన్నీ దానికి తలుపులే. లోపల పోగైన రాడాన్ విచ్ఛిన్నమై పొలోనియం లాంటి ఘనపదార్థాలుగా మారుతుంది. అవి దుమ్ముకు అంటుకొని మన శ్వాసతో లోపలికి పోయి ఊపిరితిత్తుల లోపలి పొర మీద కూర్చుంటాయి. అక్కడ ఆల్ఫా కణాల్ని వదులుతాయి. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ఆపేస్తుంది, మన చర్మం ఆపేస్తుంది అని చదువుకున్నాం. నిజమే. కానీ ఊపిరితిత్తుల లోపల ఆ కాగితం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా క్యాన్సర్ పరిశోధన చేసే ఐఏఆర్‌సీ 1988లోనే రాడాన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో పెట్టింది. చాలా దేశాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగాకు తర్వాత రెండో పెద్ద కారణం ఇదేనని ఆరోగ్య సంస్థ చెబుతోంది. దేశాన్ని బట్టి ఈ క్యాన్సర్లలో 3 నుంచి 14 శాతం దాకా దీని వాటా ఉంటుందని అంచనా.

మన పెద్దలు ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నారు. ఈ దొంగను మాత్రం ఒక చిన్న ఫిలిం ముక్క పట్టేస్తుంది. ఆ సంగతి తర్వాత.

మన కింద ఉన్నది ఏ రాయి?

హైదరాబాద్ కూర్చున్నది గ్రానైట్ మీద. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. గోల్కొండ కోట ఆ గుట్ట మీదే ఉంది. 1591లో కట్టిన చార్మినార్‌లో ఉన్నదీ ఆ రాయే. పహాడీ షరీఫ్ మెట్లు ఎక్కినా, ఫలక్‌నుమా గుట్ట మీద నిల్చున్నా కాళ్ల కింద అదే. ఫిసల్‌బండ అని ఒక పేటకు పేరే ఉంది. మిగతా చాలా రకాల రాళ్లతో పోలిస్తే గ్రానైట్‌లో యురేనియం, థోరియం కొంచెం ఎక్కువ ఉంటాయి. ఎక్కువ అంటే కంగారు పడేంత కాదు, టన్నుకు కొన్ని గ్రాముల లెక్క. కానీ ఇంటి కింద ఉన్నది ఒక టన్ను కాదు కదా.

2019లో నల్లమలలో యురేనియం తవ్వకాల మీద మనందరం స్టేటస్‌లు పెట్టాం. కాలేజీల్లో ర్యాలీలు జరిగాయి. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. నేను ఆ ఉద్యమాన్ని తక్కువ చేయడం లేదు. గనికీ ఇంటికీ పోలిక లేదని కూడా తెలుసు. నేను అడిగేది ఒక్కటే. అడవిలో ఉన్న యురేనియం గురించి అంత మాట్లాడిన మనం, మంచం కింద ఉన్న బండ గురించి ఒక్కసారైనా అడిగామా?

మనం అడగలేదు గానీ అడిగినవాళ్లు ఉన్నారు. మన ఊళ్లోనే ఉస్మానియా యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ పరిశోధకులు హైదరాబాద్ ఇళ్లల్లో, నల్లగొండ వైపు ఊళ్లలో రాడాన్, థోరాన్ కొలిచి పరిశోధనా పత్రాలు రాశారు. ఆ పత్రాలు జర్నల్స్‌లో ఉన్నాయి. పాతబస్తీ గల్లీల్లోకి మాత్రం ఆ మాట రాలేదు. తప్పు వాళ్లది కాదు. ఇంగ్లీషులో ఉన్న సైన్సును మన ఇంటి భాషలోకి తెచ్చే పని ఎవరిదో మనం ఇంకా తేల్చుకోలేదు. ఒక తెలుగు క్లబ్ చేయగలిగిన పని ఇదేనని నా ఉద్దేశం.

ఇల్లు మారింది, గాలి మారలేదు

"మన ఇళ్లు అమెరికా ఇళ్లలాగా మూసుకొని ఉండవు కదరా" అని మా రూమ్మేట్ వాదన. సగం నిజం. వేడి దేశంలో కిటికీలు తెరిచి పెట్టుకుంటాం, గాలి ఆడుతుంది, రాడాన్ నిలవదు. మన పాత ఇళ్లు చూడండి. దేవిడీల్లో మధ్యన వాకిలి, ఎత్తైన కప్పు, ఎదురెదురు తలుపులు. ఆ కట్టినోళ్లకు రాడాన్ పేరు తెలియదు, కానీ గాలి సంగతి తెలుసు.

ఇప్పుడు పాతబస్తీలో ఆ ఇల్లు ఎక్కడుంది? వాకిలి ఉన్న ఒక్క ఇల్లు నాలుగు వాటాలైంది. 50, 60 గజాల్లో మూడంతస్తులు లేచాయి. మూడు పక్కలా పక్కింటి గోడలే. కింది అంతస్తులో కిటికీ పెట్టినా అది ఇంకొకరి గోడను చూస్తుంది. కొన్ని గదుల్లో లాడ్‌బజార్‌కు పోయే లక్క గాజుల పని, జర్దోజీ పని పొద్దంతా జరుగుతుంది, రాత్రి అక్కడే పడక. దానికి తోడు ఇప్పుడు ఏసీలు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. చాలామందికి, మా నాన్నతో సహా, ఈ విషయం తెలియదు.

మనం ఇంజనీర్లం కాబట్టి ఒక చిన్న లెక్క. గదిలోకి నేల నుంచి వచ్చే రాడాన్ ఒకే వేగంతో వస్తోంది అనుకుందాం. అది పోయే దారులు రెండే. ఒకటి దానంతట అది విచ్ఛిన్నమవడం, గంటకు 0.0075 వంతు. రెండోది గాలితో పాటు బయటికి పోవడం. గదిలో గాలి గంటకు ఒకసారి పూర్తిగా మారుతుంటే మొత్తం 1.0075. తలుపులు బిగించి అది గంటకు 0.1 వంతుకు తగ్గిస్తే మొత్తం 0.1075. ఒకదాన్ని ఇంకోదానితో భాగించండి. రాడాన్ 9 రెట్లు దాటుతుంది. రాయి మారలేదు, నేల మారలేదు, తలుపు మాత్రం మూసుకుంది.

ఇంకో లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లకు సూచించిన హద్దు ఘనపు మీటరుకు 100 బెక్వెరల్. అంత తగ్గించడం కుదరని దేశాల్లో 300 మాత్రం దాటొద్దంది. బెక్వెరల్ అంటే సెకనుకు ఒక అణువు విచ్ఛిన్నం. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది సుమారు 28 ఘనపు మీటర్లు. ఆ హద్దు దగ్గరున్న గదిలో సెకనుకు 2,800 విచ్ఛిన్నాలు. ఎనిమిది గంటల నిద్రలో 8 కోట్లు. ఈ సంఖ్య చూసి భయపడకండి, అందులో మన ఊపిరితిత్తుల్లో జరిగేది చాలా చిన్న భాగం. కనబడని దానికి కూడా లెక్క ఉంటుందని చెప్పడానికే ఇది రాశాను.

"ముందు డ్రైనేజీ సంగతి చూడు బాబూ"

మా గల్లీలో ఈ మాట ఎత్తగానే ఒక పెద్దాయన అన్న మాట అది. ఆయన తప్పు మాట్లాడలేదు. వానొస్తే మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. నల్లా ఎప్పుడొస్తుందో తెలియదు. పొగ, దుమ్ము, దోమలు, వైర్లు. వీటన్నిటి మధ్య, కంటికి కనబడని గ్యాస్ గురించి మాట్లాడితే ఎవరికైనా నవ్వొస్తుంది. నాన్న ఇంకా సూటిగా అన్నాడు. "ఉన్న రోగాలు చాలవా, కొత్తది తెస్తున్నవ్?"

నేను ఈ వాదనను గౌరవిస్తాను. కానీ మూడు సంగతులు చెప్పాలి. ఒకటి, డ్రైనేజీ బాగుపడాలంటే కార్పొరేషన్ కావాలి, బడ్జెట్ కావాలి. గదిలో గాలి బాగుపడాలంటే చాలాసార్లు ఒక వెంటిలేటర్ చాలు. రెండు, గాలి ఆడితే రాడాన్ ఒక్కటే పోదు. వంటింటి పొగ, ఊదు పొగ, తేమ, టీబీ క్రిములు అన్నీ పల్చబడతాయి. రాడాన్ కోసం తెరిచిన కిటికీ వృథా పోదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. రాడాన్, పొగ ఒకదానికొకటి తోడు దొంగలు. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క చూడండి. వాళ్ల హద్దు స్థాయిలో, అంటే సుమారు 148 బెక్వెరల్ దగ్గర, జీవితాంతం ఉన్న 1000 మంది పొగతాగేవాళ్లలో 62 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. ఎప్పుడూ తాగనివాళ్లలో అయితే 1000కి 7. అంటే మా గల్లీ చివర హోటల్ దగ్గర చాయ్‌తో పాటు సిగరెట్ వెలిగించే నా దోస్తులు రాడాన్ గురించి అడిగితే నేను చెప్పాల్సిన మొదటి మాట కిటికీ గురించి కాదు, సిగరెట్ గురించి.

ఆ 7 మంది గురించి కూడా ఒక మాట. వాళ్లు మా నాయనమ్మ లాంటివాళ్లు. నాయనమ్మకు రాడాన్ వల్లే జబ్బు వచ్చిందని నేను అనడం లేదు. ఆమె చిన్నప్పటి నుంచి కట్టెల పొయ్యి ఊదింది. ఒక మనిషికి క్యాన్సర్ ఎందుకొచ్చిందో వెనక్కి పోయి చెప్పడం ఎవరివల్లా కాదు. నేను అనేది ఇంతే, పొగ తాగనివాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుంది. దానికి కారణాలు ఉంటాయి. అవి ఆ మనిషి చేసిన తప్పులు కానక్కర్లేదు. "నేనేం తప్పు జేసిన్రా" అన్న ప్రశ్నకు నేను ఆలస్యంగా నేర్చుకున్న జవాబు అది. ఆమె ఉన్నప్పుడు చెప్పలేకపోయాను.

కొలిచేదెట్ల?

ఇక పని సంగతి. రాడాన్ ఒక్క రోజులోనే పైకీ కిందికీ పోతుంది. తెల్లవారుజామున ఒక రీడింగ్, మధ్యాహ్నం ఒక రీడింగ్. వానకు మారుతుంది, చలికి మారుతుంది. మన దేశంలో చేసిన చాలా కొలతల్లో చలికాలంలో ఎక్కువ, ఎండాకాలంలో తక్కువ కనబడుతుంది, కారణం మనం తలుపులు మూసుకోవడమే. కాబట్టి ఆన్‌లైన్‌లో డిజిటల్ మీటర్ తెప్పించి ఒక పూట పెట్టి "మా ఇల్లు సేఫ్" అని స్టోరీ పెట్టడం వల్ల లాభం లేదు. అలాగే ఒక రాత్రి ఎక్కువ చూపించిందని ఇల్లు ఖాళీ చేయాల్సిన పనీ లేదు. కనీసం మూడు నెలల సగటు కావాలి.

దానికి కరెంటు కూడా అక్కర్లేని పద్ధతి ఉంది. ఎల్ఆర్-115 అనే పలుచని ఎర్ర ఫిలిం. దాన్ని చిన్న డబ్బాలో పెట్టి గదిలో వేలాడదీస్తారు. ఆల్ఫా కణం తగిలిన ప్రతిచోటా ఫిలిం మీద కంటికి కనబడని గీత పడుతుంది. మూడు నెలల తర్వాత ఫిలింను 60 డిగ్రీల వేడిలో ఉన్న కాస్టిక్ సోడా ద్రావణంలో గంటన్నర ఉంచితే ఆ గీతలు రంధ్రాలుగా విచ్చుకుంటాయి. వాటిని లెక్కపెడితే గదిలో సగటు రాడాన్ తెలుస్తుంది. మన దేశంలో బార్క్ శాస్త్రవేత్తలు దీనికి రెండు అరలున్న డబ్బా తయారుచేశారు. ఒక అరలోకి రాడాన్, థోరాన్ రెండూ పోతాయి. రెండో అరలోకి సన్నటి రంధ్రాల గుండా పోయేలోపు థోరాన్ చచ్చిపోతుంది, ఎందుకంటే దాని అర్ధజీవితకాలం 56 సెకన్లు కూడా లేదు. అలా రెండిటినీ విడదీస్తారు. మనకిది అవసరం, ఎందుకంటే థోరాన్ గోడల్లోంచి, మట్టిలోంచి వస్తుంది, గోడ దగ్గరే ఎక్కువ ఉంటుంది. అందుకే డబ్బాను గోడకు ఆనించకూడదు. కిటికీ పక్కన, ఫ్యాన్ కింద కూడా పెట్టకూడదు. మనిషి ఊపిరి పీల్చే ఎత్తులో, ఎక్కువసేపు గడిపే గదిలో, కింది అంతస్తులో పెట్టాలి.

నా ప్రతిపాదన ఇది. మన క్లబ్, ఫిజిక్స్ ల్యాబ్ కలిసి ఈ చలికాలంలో పాతబస్తీలో ఒక 30 ఇళ్లు కొలుద్దాం. నవంబర్ నుంచి జనవరి దాకా. ఫిలిం, డబ్బాలు, లెక్క సరిచూడడం కోసం ఉస్మానియా ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లను మర్యాదగా అడుగుదాం. ఈ పనిలో వాళ్లకున్న అనుభవం మన దగ్గర లేదు, వాళ్లు చూడకుండా మన అంకెలకు విలువ ఉండదు. ఏ ఇంటి రిపోర్ట్ ఆ ఇంటివాళ్ల చేతికే ఇద్దాం, తెలుగులో, ఉర్దూలో. ఇంటి నంబరు ఎక్కడా బయటపెట్టొద్దు. ఎందుకంటే ఇల్లు అమ్ముకోవాలనుకునేవాళ్లకు, కిరాయికి ఇచ్చేవాళ్లకు ఉండే భయం న్యాయమైనదే. ఆ నమ్మకం ఇవ్వలేకపోతే ఎవరూ తలుపు తీయరు.

అంకె వచ్చాక?

100 లోపు వస్తే హాయిగా పడుకోవచ్చు. 100 నుంచి 300 మధ్య వస్తే గాలి ఆడించాలి, పగుళ్లు పూడ్చాలి. 300 దాటితే తెలిసినవాళ్లను పిలిచి పని చేయించాలి. అమెరికాలో మా అక్క వాళ్లింట్లో చేసింది ఏమంటే, నేల కింద ఒక పైపు దింపి, చిన్న ఫ్యాన్ పెట్టి, కింద పోగయ్యే గ్యాస్‌ను ఇంటి కప్పు పైకి తోసేశారు. రాకెట్ సైన్స్ కాదు. మన ప్లంబర్ అన్నకు ఒకసారి బొమ్మ గీసి చూపిస్తే అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. గాలి లోపలికి వచ్చే దారి లేకుండా ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే పెడితే గదిలో పీడనం తగ్గి నేలలోంచి ఇంకొంచెం ఎక్కువ లాక్కోవచ్చు. గాలి పోయే దారితో పాటు వచ్చే దారి కూడా ఉండాలి. ఇంకోటి, గ్రానైట్ ఫ్లోరింగ్ చూసి భయపడి పీకేయకండి. ఇంట్లో రాడాన్‌కు సాధారణంగా పెద్ద వాటా కింది నేలదే, టైల్‌ది కాదు. బోరు నీళ్లలో కూడా రాడాన్ కొంత ఉంటుంది, కానీ ట్యాంకులో నిలవ ఉంచి, గాలి తగలనిస్తే చాలావరకు పోతుంది.

ఈ మాటలన్నీ మా ఎదురింటి ఖాలాకు చెప్పాను. ఆమె గాజులకు అద్దాలు అంటిస్తూ విన్నది. "హవా కో భీ నాప్తే క్యా బేటా?" అని నవ్వింది. నాప్తే, ఖాలా, గాలిని కూడా కొలుస్తారు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తన పని గది మూలకు వేలు చూపించింది. "ఆ మూలకు పెట్టు, నా బిడ్డలు ఆడనే పంటరు" అంది. మన 30 ఇళ్లలో మొదటిది ఆ ఇల్లు.

రెండోది మా ఇల్లు. నాన్న ఇంకా ఒప్పుకోలేదు గానీ, నిన్న రాత్రి తనే వెనక గదిలోకి పోయి మూసుకుపోయిన వెంటిలేటర్ వైపు చాలాసేపు చూశాడు. "ఈడ గోడ కొట్టి పైపు బయటికి తీస్తే ఎంతైతది?" అని అడిగాడు. ముందు కొలుద్దాం నాన్నా, తర్వాత కొడదాం అన్నాను. వదిన వచ్చేలోపు ఆ గది తలుపు తీసే ఉంచుతున్నాం, ఏసీ ఆపి.

మిగతా 28 ఇళ్లు మీలో ఎవరివో చెప్పండి. పాతబస్తీ వాళ్లే కానక్కర్లేదు, కానీ కింది అంతస్తు గది ఉండాలి, ఆ గదిలో రోజూ పడుకునే మనిషి ఉండాలి. దీపావళి సెలవుల్లోపు పేరిస్తే డబ్బా మేమే తెచ్చి వేలాడదీస్తాం.